మలాకీ నుంచి మత్తయి దాకా: రెండవ దేవాలయ యుగంలో యూదుల చరిత్ర

రెండవ దేవాలయ యుగం అంటే, బబులోను చెర నుంచి తిరిగి వచ్చిన యూదులు యెరూషలేములో ఆలయాన్ని మళ్లీ కట్టుకున్న క్రీ.పూ. 516 నుంచి రోమన్లు దాన్ని తగలబెట్టిన క్రీ.శ. 70 వరకు సాగిన దాదాపు ఆరు వందల ఏళ్ల కాలం. క్రైస్తవం ఈ యుగపు చివరి నలభై ఏళ్లలో, యూదుల మధ్యనే, ఒక యూదు శాఖగా మొదలైంది.

తెలుగు బైబిలు చదివేవారికి ఈ కాలంలో సగానికి పైగా కనిపించదు. ప్రొటెస్టంట్ సంఘాలు వాడే తెలుగు బైబిలులో పాత నిబంధన మలాకీతో ముగుస్తుంది. పేజీ తిప్పితే మత్తయి సువార్త. ఆ ఒక్క పేజీలో సుమారు నాలుగు శతాబ్దాలు దాటిపోతాయి. తెలుగునాట చాలాచోట్ల ప్రసంగాల్లో దీన్ని ‘నాలుగు వందల ఏళ్ల నిశ్శబ్ద కాలం’ అంటారు. ప్రవక్తల గొంతు వినబడలేదన్న అర్థంలో పుట్టిన మాట అది. చరిత్ర దృష్టితో చూస్తే ఆ పేరు తప్పుదారి పట్టిస్తుంది. మలాకీలో లేని సమాజ మందిరం, పరిసయ్యులు, సద్దూకయ్యులు, హేరోదు వంశం, రోమన్ శతాధిపతులు మత్తయిలో ఏ పరిచయమూ లేకుండా ఎదురవుతారు. మృతులు లేస్తారా లేదా అన్న వాదమూ అలాగే వచ్చిపడుతుంది. ఇవన్నీ ఈ నడిమి కాలంలో రూపుదిద్దుకున్నవే.

పేర్లు, పరిధి

పన్నెండు గోత్రాల ప్రజలకు ‘ఇశ్రాయేలు’ అని పేరు. సొలొమోను తర్వాత రాజ్యం చీలినప్పుడు ఉత్తర భాగం ఆ పేరు నిలుపుకుంది, దక్షిణ భాగం ‘యూదా’ అయింది. ఆ యూదా నుంచే ‘యూదుడు’ అన్న మాట వచ్చింది. చెర నుంచి తిరిగి వచ్చాక అది గోత్రం పేరుగా కన్నా జాతి, మతం కలిసిన పేరుగా స్థిరపడింది.

తెలుగు బైబిలులో ఒకే ఊరు రెండు పేర్లతో కనిపించడం పాఠకుణ్ని తికమక పెడుతుంది. పాత నిబంధన హెబ్రీ నుంచి, కొత్త నిబంధన గ్రీకు నుంచి రావడమే కారణం. షోమ్రోను, సమరయ ఒకటే. మోషే తర్వాతి నాయకుడు యెహోషువ పేరు, యేసు పేరు కూడా మూలంలో ఒకటే. మొదటిది హెబ్రీ రూపం, రెండోది గ్రీకు మీదుగా వచ్చిన రూపం.

పూర్వరంగం

ఇశ్రాయేలు పేరు బైబిలు వెలుపల మొదటిసారి కనిపించేది ఐగుప్తు రాజు మెర్నెప్తా శాసనంలో, సుమారు క్రీ.పూ. 1208లో. తొమ్మిదో శతాబ్దానికి చెందిన తేల్ దాన్ అరామిక్ శాసనంలో దావీదు వంశం ప్రస్తావన ఉంది. అంతకు ముందరి అబ్రాహాము, మోషే వృత్తాంతాలకు బయటి శాసనాల సాక్ష్యం దొరకలేదు. కానీ యూదుల ఆత్మగౌరవం, పండుగలు, ధర్మశాస్త్రం నిలబడింది ఆ వృత్తాంతాల మీదే.

సొలొమోను ఓడల్లో దిగుమతైన వాటిలో నెమళ్లు ఉన్నాయని రాజుల గ్రంథం చెబుతుంది. అక్కడి హెబ్రీ మాట ‘తుక్కి’. ఇది తమిళ ‘తోగై’ నుంచి వెళ్లిందని కొందరు భాషావేత్తల ప్రతిపాదన. ఆ తోగైకి తోబుట్టువు మన ‘తోక’. ప్రతిపాదన మీద అందరికీ ఏకాభిప్రాయం లేదు.

క్రీ.పూ. 722 ప్రాంతంలో అష్షూరు సామ్రాజ్యం షోమ్రోనును పట్టుకుని, ఉత్తర రాజ్య ప్రజల్లో చాలామందిని దూరదేశాలకు తరలించింది. ‘పోయిన పది గోత్రాలు’ అన్న భావనకు మూలం ఇదే (చూ. బెనె ఎఫ్రాయిం). దక్షిణాన యూదా మరో 130 ఏళ్లకు పైగా నిలిచింది. యోషీయా రాజు క్రీ.పూ. 622లో ఆరాధనను యెరూషలేముకే పరిమితం చేసే సంస్కరణ తెచ్చాడు. బబులోను రాజు నెబుకద్నెజరు 597లో నగరాన్ని లొంగదీసుకుని, 586లో సొలొమోను ఆలయాన్ని నేలమట్టం చేశాడు.

చెర, దాని ఫలితం

రాజు లేడు, గుడి లేదు, నేల లేదు. ప్రాచీన ప్రపంచంలో ఇలా ఓడిన ప్రజలు రెండు మూడు తరాల్లో చుట్టుపక్కల జనంలో కలిసిపోయి, వారి దేవుడూ మరుగున పడడం మామూలు. యూదుల విషయంలో అలా జరగలేదు. ఈ మొత్తం చరిత్రలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇదే అనవచ్చు.

బబులోనులో దొరికిన మట్టి పలకల్లో బందీ రాజు యెహోయాకీనుకు ఇచ్చిన నూనె భత్యం లెక్కలున్నాయి. ‘యూదా ఊరు’ అని పిలిచిన గ్రామానికి చెందిన పలకల్లో యూదు రైతుల పన్నులు, అప్పు పత్రాలు కనబడతాయి. అంటే వారు అక్కడ భూములు సాగు చేసుకుంటూ, పేర్లు నిలుపుకుంటూ బతికారు. బలి ఇవ్వడానికి ఆలయం లేని చోట విశ్రాంతి దినం, సున్నతి, ఆహార నియమాలు, గ్రంథ పఠనం గుర్తింపు చిహ్నాలయ్యాయి. ధర్మశాస్త్ర గ్రంథాలు నేటి రూపానికి దగ్గరగా కూర్పు పొందింది చెరలోనూ, ఆ వెంటనే వచ్చిన కాలంలోనూ అని ఎక్కువమంది పండితుల అభిప్రాయం.

పారసీక యుగం (క్రీ.పూ. 539–332)

పారసీక రాజు కోరెషు 539లో బబులోనును జయించి, తరలించిన ప్రజలు తిరిగి వెళ్లేందుకు అనుమతించాడు. జెరుబ్బాబెలు నాయకత్వంలో, హగ్గయి, జెకర్యా ప్రవక్తల ప్రోత్సాహంతో ఆలయ నిర్మాణం 516 ప్రాంతంలో పూర్తయింది. నెహెమ్యా 445లో వచ్చి గోడలు కట్టించాడు. యాజకుడూ శాస్త్రీ అయిన ఎజ్రా జనసమూహం ముందు ధర్మశాస్త్రం చదివి వినిపించాడు. గ్రంథం చదవడం, దాని అర్థం చెప్పడం ప్రజాకార్యం కావడానికి ఆ సంఘటన నమూనా అయింది.

‘శాస్త్రి’ అనగానే మనకు వేదం చదివిన పురోహితుడు గుర్తొస్తాడు. బైబిలు అనువాదంలో మాత్రం ఆ మాటకు అర్థం, ధర్మశాస్త్రాన్ని నకలు రాసి వ్యాఖ్యానించే లేఖకుడని.

అందరూ తిరిగి రాలేదు. బబులోనులో పెద్ద సమాజం ఉండిపోయింది. ఐగుప్తులోని ఎలిఫెంటీనీ దీవిలో కాపున్న యూదు సైనికులకు సొంత ఆలయం ఉండేది, క్రీ.పూ. 410లో దాన్ని స్థానికులు కూల్చేశారు. ఆ సమాజం రాసుకున్న అరామిక్ ఉత్తరాలు నేటికీ ఉన్నాయి. అరామిక్ ఆనాటి పాలనా భాష. అశోకుడు క్రీ.పూ. మూడో శతాబ్దంలో కాందహారులో వేయించిన ధర్మశాసనం గ్రీకుతో పాటు ఈ అరామిక్‌లోనూ ఉంది. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో శాసనాలు వేయించిన చక్రవర్తీ, యేసు మాట్లాడిన భాషలో శాసనం చెక్కించిన చక్రవర్తీ ఒకరే.

గ్రీకు పాలన, మక్కబీయులు

అలెగ్జాండరు 332లో ఈ ప్రాంతాన్ని గెలిచాడు. అతని మరణం తర్వాత మొదట ఐగుప్తు టాలమీలు, క్రీ.పూ. 200 ప్రాంతం నుంచి సిరియా సెల్యూకసు వంశంవారు ఏలారు. టాలమీల కాలంలో, మూడో శతాబ్దంలో, అలెగ్జాండ్రియా యూదులు తమ ధర్మశాస్త్రాన్ని గ్రీకులోకి తెచ్చుకున్నారు. తర్వాత మిగిలిన గ్రంథాలూ చేరి అది సెప్టువజింట్ అయింది. డెబ్బై ఇద్దరు పెద్దలు అనువదించారన్న కథ వల్ల వచ్చిన పేరది. హెబ్రీ ‘మెస్సీయ’కు, అంటే అభిషిక్తుడికి, ఈ అనువాదకులు వాడిన గ్రీకు మాట ‘క్రిస్తోస్’. తెలుగులో ‘క్రీస్తు’ అక్కణ్నుంచే. కొత్త నిబంధన రచయితలు పాత గ్రంథాలను ఉటంకించేది ఎక్కువగా ఈ గ్రీకు పాఠం నుంచే.

గ్రీకు భాష, వ్యాయామశాల, గ్రీకు పేర్లు యెరూషలేము ధనిక యాజకుల్లో కొందరిని ఆకర్షించాయి. ప్రధాన యాజక పదవి డబ్బు ఎక్కువ ఇచ్చినవారికి దక్కడం మొదలైంది. సెల్యూకసు రాజు నాలుగో ఆంటియోకసు (క్రీ.పూ. 175–164) 167లో విశ్రాంతి దినాన్ని, సున్నతిని నిషేధించి, ఆలయంలో గ్రీకు దేవుడి పూజ పెట్టించాడు. ఒక మతాన్ని ఆచరించినందుకే మరణశిక్ష వేయడం ఆ కాలానికి కొత్త.

మోదెయిను గ్రామంలో మత్తతియా అనే యాజకుడు, అతని అయిదుగురు కొడుకులు తిరగబడ్డారు. మూడో కొడుకు యూదాకు మక్కబీ అన్న బిరుదు. కొండ దారుల్లో మాటు వేసి పెద్ద సైన్యాలను దెబ్బతీసిన ఈ చిన్న దండు 164 చివర్లో ఆలయాన్ని స్వాధీనం చేసుకుని శుద్ధి చేసింది. ఏటా ఎనిమిది రోజులు దీపాలు వెలిగించే హనుక్కా ఆ సంఘటన జ్ఞాపకమే. యోహాను సువార్త పదో అధ్యాయంలో యేసు శీతకాలంలో హాజరైన ‘ప్రతిష్ఠిత పండుగ’ ఇదే. మలాకీ తర్వాతి చరిత్ర తెలియకపోతే ఆ పండుగ ఎందుకో తెలుగు పాఠకుడికి అంతుపట్టదు.

మృతుల పునరుత్థానం గురించి స్పష్టమైన మాట దానియేలు గ్రంథం చివరి భాగంలో కనబడుతుంది. ఆ భాగం ఈ హింస కాలంలో రూపొందిందని ఎక్కువమంది పరిశోధకులు భావిస్తారు. సంప్రదాయం దాన్ని చెర కాలానికే చెందిందిగా చూస్తుంది. ధర్మశాస్త్రాన్ని పాటించినందుకే చంపబడ్డవారికి న్యాయం ఎప్పుడన్న ప్రశ్న ఈ కాలపు యూదులను నిజంగా బాధించింది. ఆ ప్రశ్నకు దొరికిన జవాబు తర్వాత క్రైస్తవానికి కేంద్ర విశ్వాసమైంది.

మత్తతియా వంశానికి హస్మోనీయులని పేరు. సీమోను కాలంలో, క్రీ.పూ. 142 నాటికి స్వాతంత్ర్యం వచ్చింది. యోహాను హిర్కాను (134–104) రాజ్యాన్ని పెంచి, దక్షిణాన ఇదూమయ వాసులకు బలవంతంగా సున్నతి చేయించాడు. గెరిజీము కొండ మీద సమరయుల ఆలయాన్ని కూల్చాడు. సువార్తలోని సమరయ స్త్రీ బావి దగ్గర ఏ కొండ మీద ఆరాధించాలని అడిగిన ప్రశ్న వెనక ఈ శిథిలం ఉంది. అలెగ్జాండరు యన్నాయి (103–76) తనను ఎదిరించిన 800 మంది యూదులను శిలువ వేయించాడని చరిత్రకారుడు జోసిఫసు రాశాడు. విమోచకులుగా వచ్చిన వంశం మూడు తరాల్లో ఇక్కడికి చేరింది. అతని భార్య సలోమే అలెగ్జాండ్రా (76–67) పాలన మాత్రం శాంతియుతంగా గడిచింది. ఆమె కొడుకులిద్దరూ సింహాసనం కోసం కొట్లాడుకుని రోమును తీర్పరిగా పిలిచారు.

రోము, హేరోదు

క్రీ.పూ. 63లో రోమన్ సేనాని పాంపే యెరూషలేమును ముట్టడించి, ఏడాదికి ఒక్కరోజు ప్రధాన యాజకుడు తప్ప ఎవరూ అడుగుపెట్టని అతి పరిశుద్ధ స్థలంలోకి నడిచి వెళ్లాడు. ఎనభై ఏళ్ల స్వాతంత్ర్యం ముగిసింది.

ఇదూమయ కుటుంబానికి చెందిన హేరోదును రోమన్ సెనేట్ క్రీ.పూ. 40లో రాజుగా నియమించింది. అతను నిజంగా నగరాన్ని చేజిక్కించుకుంది 37లో. 4లో చనిపోయేదాకా ఏలాడు. కైసరయ ఓడరేవు, మసాదా కోట అతని కట్టడాలే. హస్మోనీయ రాకుమారి అయిన భార్య మరియమ్నేను, ముగ్గురు కొడుకులను చంపించింది కూడా ఈ రాజే. ఇతని కట్టడాల్లో అన్నిటికన్నా గొప్పది ఆలయ పునర్నిర్మాణం. క్రీ.పూ. 20 ప్రాంతంలో మొదలుపెట్టి, కొండ చుట్టూ భారీ గోడలు లేపి సుమారు 35 ఎకరాల ఆవరణ చదును చేయించాడు. ఆ గోడలో పడమటి భాగమే ఈనాటికీ యూదులు ప్రార్థించే స్థలం.

అతని తర్వాత రాజ్యం కొడుకుల మధ్య పంపకమైంది. గలిలయ అంతిపకు దక్కింది. యూదయ అందుకున్న అర్కెలాయును రోము క్రీ.శ. 6లో తొలగించి, ఆ ప్రాంతాన్ని నేరుగా తన అధికారి చేతికిచ్చింది. పన్ను కోసం జనసంఖ్య రాయగా గలిలయుడైన యూదా తిరుగుబాటు లేవదీశాడు. 26 నుంచి 36 దాకా అధికారి పొంతి పిలాతు. అతని పేరు చెక్కిన రాయి 1961లో కైసరయలో దొరికింది.

ఆలయం పనిచేసిన తీరు

యెరూషలేము ఆలయం బలిపీఠం మాత్రమే కాదు, ఖజానా, తీర్పు స్థానం, యాత్రాస్థలం కూడా. వయసొచ్చిన ప్రతి యూదు మగవాడూ ఏటా అర షెకెలు పన్ను చెల్లించాలి. అది తూరు నగరపు వెండి నాణెంలో ఉండాలి. బయటి ఊళ్ల నుంచి వచ్చినవారు డబ్బు మార్చుకోక తప్పదు. సువార్తల్లో రూకలు మార్చేవారు అక్కడ ఉండడానికి కారణం అదే. అన్యులు వెలుపలి ఆవరణ దాటితే మరణమేనని హెచ్చరించే గ్రీకు పలక ఒకటి 1871లో బయటపడింది.

యూదుల పంచాంగం మన తెలుగువారికి సులువుగా అర్థమవుతుంది. నెలలు చంద్రుణ్ని బట్టి, ఏడాది సూర్యుణ్ని బట్టి. రెండూ విడిపోకుండా మనలాగే అధిక మాసం కలుపుతారు. రెండో ఆలయం నాడు దీన్ని నెలవంకను, పంట పక్వాన్ని చూసి నిర్ణయించేవారు. పందొమ్మిదేళ్లకు ఏడు అధిక మాసాల లెక్క తర్వాత స్థిరపడింది. పస్కా నీసాను నెల పౌర్ణమి రాత్రి. చాలా ఏళ్లలో అది మన చైత్ర పౌర్ణమి దగ్గరే పడుతుంది. ఒక్క తేడా ఏమిటంటే, మనకు రోజు సూర్యోదయంతో మొదలైతే వారికి సూర్యాస్తమయంతో మొదలవుతుంది. శుక్రవారం సాయంత్రం చీకటి పడకముందే యేసు దేహాన్ని హడావుడిగా సమాధి చేయడానికి కారణం విశ్రాంతి దినం అప్పుడే మొదలు కావడం.

ఆలయానికి దూరంగా ఉన్నవారి కోసం ఊరూరా వెలసింది సమాజ మందిరం. ఇక్కడ బలి లేదు, యాజకుడి అవసరం లేదు. చదవడం, వివరించడం, ప్రార్థించడం మాత్రమే. గలిలయలోని మగ్దలలో మొదటి శతాబ్దపు సమాజ మందిరం 2009లో తవ్వకాల్లో బయటపడింది. క్రైస్తవ సంఘపు ఆదివారం ఆరాధనలో పఠనం, ప్రసంగం, ప్రార్థన అన్న వరుస సమాజ మందిరాల నుంచి వచ్చిందే.

తెగలు

సద్దూకయ్యులు ఎక్కువగా పై యాజక కుటుంబాలవారు. రాసి ఉన్న ధర్మశాస్త్రమే ప్రమాణమని, పునరుత్థానం లేదని వారి మాట. ఆలయం పోయాక వారూ పోయారు.

పరిసయ్యుల సంగతి కొంచెం విపులంగా చెప్పాలి. తెలుగు క్రైస్తవుల వాడుకలో ‘పరిసయ్యుడు’ అంటే వేషధారి అన్న తిట్టు. సువార్తల్లోని ఘాటైన మాటల వల్ల వచ్చిన అర్థం అది. కానీ ఆ మాటలు ఒకే ఇంటివారి మధ్య జరిగిన తగవు లాంటివి. పునరుత్థానం, దేవదూతలు, తీర్పు దినం అన్న విషయాల్లో యేసు నమ్మకం పరిసయ్యులకే దగ్గర. ధర్మశాస్త్రం యాజకుడి సొత్తు కాదు, వంటింట్లోనూ పొలంలోనూ సామాన్యుడు పాటించదగ్గదని వారు నమ్మారు. అందుకు మౌఖిక సంప్రదాయం పెంచారు. హిల్లేలు, షమ్మాయి అనే ఇద్దరు గురువుల పేరిట రెండు వ్యాఖ్యాన పరంపరలు నడిచాయి. పౌలు తాను పరిసయ్యుణ్నని గర్వంగానే చెప్పుకున్నాడు.

ఎస్సేనీయులు ఆలయ నాయకత్వాన్ని తిరస్కరించి విడిగా బతికారు. 1947 నుంచి మృత సముద్ర తీరాన కుమ్రాను దగ్గరి పదకొండు గుహల్లో దొరికిన తొమ్మిది వందలకు పైగా రాతప్రతులు వీరికి సంబంధించినవని ఎక్కువమంది అభిప్రాయం. సామూహిక భోజనం, ఉమ్మడి ఆస్తి, నీటి స్నానాలతో శుద్ధి, వెలుగు చీకట్ల యుద్ధం అక్కడి రాతల్లో కనబడతాయి. వీరితో బాప్తిస్మమిచ్చు యోహానుకు సంబంధం ఉందా అన్న చర్చ సాగుతూనే ఉంది. రోముకు పన్ను కట్టడమే దైవద్రోహమన్న నాలుగో వర్గాన్ని కూడా జోసిఫసు పేర్కొన్నాడు. ప్రజల్లో అత్యధికులు ఏ తెగలోనూ లేరు.

మెస్సీయ నిరీక్షణ కూడా ఒకే రూపంలో లేదు. కొందరు దావీదు వంశపు రాజు కోసం, కొందరు యాజకుడి కోసం ఎదురుచూశారు. కుమ్రాను రాతల్లో ఇద్దరు అభిషిక్తుల ఊహ ఉంది.

యేసు, తొలి సంఘం

నజరేతువాడైన యేసు హేరోదు మరణానికి ముందే, అంటే క్రీ.పూ. 4కు ముందు పుట్టాడు. పిలాతు పాలనలో, క్రీ.శ. 30 లేదా 33లో శిలువ వేయబడ్డాడు. శిలువ రోమన్ శిక్ష, ఆజ్ఞ ఇచ్చింది రోమన్ అధికారి. ఆలయ నాయకత్వానికి అందులో పాత్ర ఉందని సువార్తలు చెబుతాయి. కానీ ఆ నెపాన్ని యూదు జాతి మొత్తం మీద మోపడం చరిత్రకు విరుద్ధం. శతాబ్దాల హింసకు అది సాకైంది. కతోలిక సంఘం 1965లో రెండో వాటికన్ మహాసభ ప్రకటనలో ఈ ఆరోపణను అధికారికంగా తోసిపుచ్చింది.

పేతురు, యాకోబు తదితర తొలి శిష్యులు ఆలయానికి వెళ్లేవారు, ధర్మశాస్త్రం పాటించేవారు. తమది కొత్త మతమని వారు అనుకోలేదు. ‘క్రైస్తవులు’ అన్న పేరు సిరియాలోని అంతియొకయలో మొదట వినబడింది. అన్యజనులు చేరాలంటే సున్నతి అవసరమా అన్న ప్రశ్న మీద సుమారు 49లో యెరూషలేములో చర్చ జరిగింది. అవసరం లేదన్న పక్షం నెగ్గింది. పౌలు ప్రయాణాల కాలనిర్ణయానికి గట్టి ఆధారం, గల్లియోను అధికారి పేరున్న డెల్ఫీ శాసనం: దాన్నిబట్టి పౌలు 51 ప్రాంతంలో కొరింథులో ఉన్నాడు. అతని ఉత్తరాలు సువార్తల కన్నా పాతవి.

పౌలు ఏ ఊరు వెళ్లినా మొదట సమాజ మందిరానికే వెళ్లేవాడు. అక్కడ యూదులతో పాటు, సున్నతి పొందకుండా ఇశ్రాయేలు దేవుణ్ని గౌరవించే గ్రీకువారు కూర్చునేవారు. మధ్యధరా తీరమంతా చెదిరి ఉన్న ఈ మందిరాలు, వాటిలో గ్రీకులో చదివే సెప్టువజింట్ లేకపోతే, క్రైస్తవం గలిలయ దాటి అంత వేగంగా వెళ్లేది కాదు.

క్రీ.శ. 70, విడిపోవడం

యెరూషలేము సంఘ నాయకుడు యాకోబును 62లో రాళ్లతో కొట్టి చంపారని జోసిఫసు రాశాడు. 66లో రోము మీద తిరుగుబాటు లేచింది. 70లో రోమన్ సేనాని తీతు నగరాన్ని పట్టుకున్నాడు, ఆలయం బూడిదైంది. రోములోని తీతు తోరణం మీద దోచుకెళ్లిన ఏడు కొమ్మల దీపస్తంభం బొమ్మ ఉంది. అర షెకెలు పన్నును రోము తన దేవుడి గుడికి మళ్లించింది.

యోహానాను బెన్ జక్కయి యావ్నె పట్టణంలో గురువులను కూడగట్టాడు. పరిసయ్యుల పరంపర అక్కణ్నుంచి రబ్బీల యూదు మతమైంది; సుమారు 200లో వారి మౌఖిక సంప్రదాయపు సంకలనమైన మిష్నా కూర్పు పూర్తయింది. ఆలయం లేకుండా దేవుణ్ని ఎలా కొలవాలన్న ప్రశ్నకు గ్రంథమూ ఆచారమూ అని రబ్బీలు, క్రీస్తు బలి అని క్రైస్తవులు జవాబిచ్చారు. ఈ రెండు మతాలూ తల్లీబిడ్డల్లా కాక, ఒకే తల్లికి పుట్టిన ఇద్దరు బిడ్డల్లా కనబడతాయి. 132–135లో రోము మీద లేచిన బార్ కొఖ్బా తిరుగుబాటు తర్వాత హాద్రియను చక్రవర్తి యెరూషలేములో యూదుల ప్రవేశం నిషేధించాడు. విడిపోవడం ఒక్కరోజులో జరగలేదు. కొన్నిచోట్ల నాలుగో శతాబ్దం దాకా సాగింది.

అదే కాలంలో ఆంధ్ర తీరం

మక్కబీయులు పోరాడుతున్న రోజుల్లో విశాఖ దగ్గరి తొట్లకొండ, బావికొండల మీద బౌద్ధ భిక్షువులు వర్షావాసాలు గడుపుతున్నారు. తొట్లకొండ మీద రోమన్ వెండి నాణేలు బయటపడ్డాయి. నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో దొరికిన నిక్షేపంలో అగస్టస్, తిబెరి చక్రవర్తుల దేనారాలున్నాయి. కైసరు పన్ను గురించి అడిగినవారికి యేసు చూపమన్న నాణెం తిబెరి దేనారమేనని సాధారణంగా గుర్తిస్తారు. అదే ముద్ర ఉన్న వెండి మిరియాలకూ బట్టకూ మారకంగా తెలుగు నేలకు చేరింది.

తెలుగులోకి ఈ చరిత్ర

లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జ్ క్రాన్, అగస్టస్ దె గ్రాంజ్ 1805లో విశాఖపట్నం చేరారు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రైస్తవం స్వీకరించిన ఆనందరాయర్ వారికి అనువాదంలో తోడ్పడ్డాడు. క్రాన్ 1809లో, దె గ్రాంజ్ 1810లో చనిపోయారు. వారి మొదటి మూడు సువార్తలు 1812లో సేరంపూరులో అచ్చయ్యాయి. ఎడ్వర్డ్ ప్రిచెట్ కొత్త నిబంధన 1818లో మద్రాసులో వెలువడింది. రెండో ఆలయ యుగపు మనుషులు, పదవులు తెలుగులో పేర్లు వెతుక్కున్నది ఈ పనిలోనే. రోమన్ పన్ను గుత్తేదారుకు ‘సుంకరి’ అన్నది చక్కని ఎంపిక. సంత దగ్గర సుంకం వసూలు చేసేవాణ్ని ఆనాటి రైతుకు వేరే పరిచయం చేయనక్కర్లేదు.

బెనె ఎఫ్రాయిం

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో ‘బెనె ఎఫ్రాయిం’, అంటే ఎఫ్రాయిం సంతతి, అని చెప్పుకునే తెలుగు కుటుంబాలున్నాయి. మాదిగ సమాజం నుంచి వచ్చిన వీరు 1990లలో సమాజ మందిరం ఏర్పరచుకుని, విశ్రాంతి దినం, హెబ్రీ ప్రార్థనలు, యూదు పండుగలు పాటిస్తున్నారు. క్రీ.పూ. 722లో చెదిరిపోయిన ఉత్తర గోత్రాల్లో తమది ఒకటని వారి విశ్వాసం. దీన్ని నిరూపించే శాసనం గానీ పాత పత్రం గానీ లేదు. కేరళలో కొచ్చి యూదులకు, మహారాష్ట్రలో బెనె ఇశ్రాయేలులకు ఉన్నంత పాత ఆనవాళ్లు వీరికి లేవు. అంటరానితనం అనుభవించిన ప్రజలు చెరకు పోయిన ప్రజల కథలో తమను చూసుకోవడాన్ని అపహాస్యం చేయకూడదు. పరిశోధకులు దీన్ని సమకాలీన దళిత చరిత్రలో భాగంగానూ అధ్యయనం చేస్తున్నారు.

మలాకీ, మత్తయిల నడుమ కాలాన్ని తెలుగులోనే చదవాలనుకునేవారికి మక్కబీయుల గ్రంథాలు రెండూ కతోలిక సంఘపు తెలుగు బైబిలులో ఉన్నాయి.